శిస్తు కట్టేవాడి తీర్పు
(ఉత్తరాంధ్ర చరిత్ర ధారావాహికలో ఒక భాగం: ఆర్థిక మాంద్యం, బొబ్బిలి రాజా, 1937 ఎన్నిక)

పాలకుడి పనితీరును జనం ఏ మేరకు ఒప్పుకుంటున్నారో చెప్పే కొలతను రాజనీతిశాస్త్రంలో ప్రజామోదం అంటారు. జార్జ్ గాలప్ 1935లో నెలకొల్పిన సర్వే సంస్థ అమెరికా అధ్యక్షుల ప్రజామోదాన్ని శాతాల్లో లెక్కగట్టడం మొదలుపెట్టాక, ఆ అంకె ఎక్కడానికీ దిగడానికీ యుద్ధాల కన్నా, విదేశాల్లో సాధించిన విజయాల కన్నా ధరలు, ఉద్యోగాలు, ఇంటి ఖర్చులే తరచుగా గట్టి కారణమవుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. గల్ఫ్ యుద్ధం ముగిసిన 1991 వసంతంలో 90 శాతానికి చేరువైన జార్జ్ బుష్ ఆమోదం, దేశంలో వ్యాపారం మందగించి ఉద్యోగాలు పోవడంతో ఏడాదిన్నర తిరక్కుండానే 30 శాతం దరిదాపులకు పడిపోవడం, 1992 నవంబరులో ఆయన ఓడిపోవడం ఇందుకు పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఉదాహరణ. అయితే సర్వేలు లేని కాలంలో, సర్వేలు లేని దేశంలో ఈ ఆమోదం ఉండేదా, ఉంటే దాన్ని దేనితో కొలవాలి అన్న ప్రశ్నకు విశాఖపట్నం జిల్లా 1937 ఫిబ్రవరిలో ఒక జవాబు ఇచ్చింది. ఆ జవాబు ఓటు పెట్టెలో దొరికింది.

ముందుగా రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. బొబ్బిలి జమీందారు రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు 1932 నవంబరు 5న మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆనాటి వాడుకలో ఆ పదవి ప్రథమ మంత్రి పదవి. మూడు రోజుల తరువాత, నవంబరు 8న, అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ఎన్నికల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేతిలో 472కు 59 ఎలక్టోరల్ ఓట్లతో చిత్తుగా ఓడిపోయారు. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ మార్కెట్టు కూలడంతో బయటపడిన ప్రపంచ ఆర్థిక మాంద్యం, అంటే సరుకు ఉన్నా కొనేవాడు లేక ధరలు, కూలీలు, ఉద్యోగాలు ఒకదాని వెంట ఒకటి పడిపోయే స్థితి, హూవర్‌ను గద్దె దింపిన వారంలోనే బొబ్బిలి రాజా అదే మాంద్యం నడుమ గద్దె ఎక్కారు. నాలుగేళ్ళు గడిచేసరికి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకుని తిరిగి ఎన్నికయ్యారు; బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీదే ఓడిపోయారు. మాంద్యం ఇద్దరికీ ఒక్కటే కనుక, తేడాను మాంద్యంలో కాక మరోచోట వెతకాలి.

ఉత్తరాంధ్రకు మాంద్యం రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ధాన్యం ధర. 1929 తరువాత నాలుగైదేళ్ళలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. అమ్ముడుపోని బర్మా బియ్యం ఓడల మీద తూర్పు తీరానికి వచ్చి చవకగా దిగడంతో స్థానిక ధర మరింత దిగజారింది. బెల్లం, నువ్వులు, వేరుశనగ, గోగునార వంటి డబ్బు పంటలదీ అదే దారి. భీమిలి నుంచి ఎగుమతి కావడం వల్ల విదేశీ వర్తకంలో ఆ రేవు పేరుతోనే చలామణీ అయిన గోగునార విషయంలో ధరను నిర్ణయించేది పండించిన ఊరు కాదు, కొనే దేశాల మిల్లులు.

రెండవ దారి రంగూన్. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఏటా వేలమంది కూలీలు ఓడలెక్కి బర్మా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో, రిక్షాల దగ్గర పనిచేసి, మిగిల్చిన డబ్బును ఇంటికి పంపేవారు. బర్మాలో వారిని కోరంగీలు అనేవారు. ఆ డబ్బుతోనే ఇక్కడి మెట్టప్రాంతపు కుటుంబాలు శిస్తు కట్టేవి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసేవి, అప్పు తీర్చేవి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మెకు దిగగా, యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె సర్దుబాటై తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చినప్పుడు, పని పోయిన బర్మీయులకూ వీరికీ మధ్య మొదలైన ఘర్షణ నెత్తుటి అల్లరిగా మారి ఎంతోమంది తెలుగు కూలీల ప్రాణాలు తీసింది. మాంద్యాన్ని ధరల పట్టికలో చూసేవారికి ఈ ఘటన కనబడదు గాని, ఉత్తరాంధ్ర పల్లెకు మాంద్యం చాలాచోట్ల రంగూన్ నుంచి ఆగిపోయిన మనియార్డరు రూపంలోనే తెలిసింది.

ఇక్కడ శిస్తు వ్యవస్థను కొంచెం వివరంగా చూడవలసి ఉంది, ఎందుకంటే పాలకుడి మీద కోపం పుట్టిన చోటు అదే. 1802 నాటి శాశ్వత కౌలు ఒప్పందం ప్రకారం జమీందారు ప్రభుత్వానికి ఏటా చెల్లించే మొత్తం, దాని పేరు పేష్కషు, ఎప్పటికీ మారకుండా స్థిరపడింది. విజయనగరం సంస్థానానికి అది సుమారు 5 లక్షల రూపాయలు. జమీందారు ప్రభుత్వానికి కట్టేది స్థిరమైనా, రైతు జమీందారుకు కట్టే శిస్తు స్థిరం కాదు. అది నూరేళ్ళలో అంచెలంచెలుగా పెరుగుతూ వచ్చింది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగుహక్కు ఇచ్చి, ధరలు పెరిగాయన్న సాకుతో పెంచే శిస్తుకు రూపాయికి రెండణాల పరిమితి పెట్టింది. అది పెద్ద మేలే, కానీ ఆ చట్టం రాసినవారి మనసులో ఉన్నది పెరిగే ధరలు. సగానికి సగం కూలిపోయే ధరలను వారు ఊహించినట్టు కనబడదు.

శిస్తును ధాన్యరూపంలో, అంటే పంటలో పాలుగా, కట్టే చోట ధర పడిపోతే ఆ నష్టం రైతుకూ జమీందారుకూ పంచుకుపోతుంది. నగదు శిస్తు ఉన్న చోట అలా కాదు. లెక్క సులువు కోసం ఒక రైతు ఏడాది శిస్తు 30 రూపాయలని, ధాన్యం పుట్టికి 60 రూపాయలు పలుకుతోందని అనుకుంటే, అతను అరపుట్టి అమ్మి శిస్తు నుంచి బయటపడతాడు. ధర 30కి దిగితే అదే శిస్తుకు నిండు పుట్టి కొలవాలి. రశీదులో అంకె మారదు, కరణం దస్త్రంలో అంకె మారదు, ప్రభుత్వ లెక్కల్లో శిస్తు పెరిగినట్టు ఎక్కడా ఉండదు. కళ్ళంలో మాత్రం శిస్తు రెట్టింపయింది. ధరలు మండిపోయిన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, అప్పటి సగటు ధరల మీద లెక్కగట్టి ధాన్యశిస్తును నగదుకు మార్పించుకున్న రైతు 1931లో తన తెలివికి తానే చింతించవలసి వచ్చింది. బకాయి పడితే ఎస్టేటు అమీను జప్తుకు వస్తాడు. జప్తు తప్పించుకోవడానికి సాహుకారు దగ్గర అప్పు చేయాలి. సాహుకారు కూడా డబ్బు లేక బిగుసుకుపోతే ఇంట్లోని బంగారం అమ్మాలి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసి బంగారం ధర పెరిగాక దేశం నుంచి ఓడల కొద్దీ బంగారం బయటకు పోయింది. ప్రభుత్వం దాన్ని వర్తక విజయంగా చెప్పుకుంది. పల్లెల్లో దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలిచి ఉండరు.

ఈ కష్టానికి బొబ్బిలి రాజా ఎంతవరకు బాధ్యులు అన్నది న్యాయంగా అడగవలసిన ప్రశ్న. ధరలు కూల్చింది ఆయన కాదు. రూపాయి మారకపు రేటును ఒక షిల్లింగు ఆరు పెన్నీల దగ్గర పట్టి ఉంచి, రైతు సరుకుకు విలువ ఇంకా తగ్గేలా చేసినది లండన్, ఢిల్లీ. అంతకన్నా ముఖ్యమైన విషయం, 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వ పద్ధతిలో భూమిశిస్తు శాఖ మంత్రుల చేతిలోనే లేదు. ఆ పద్ధతి ప్రకారం విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, సహకారం వంటి 'బదిలీ' అంశాలను ఎన్నికైన మంత్రులు చూస్తే, భూమిశిస్తు, పోలీసు, న్యాయం వంటి 'ప్రత్యేకించిన' అంశాలను గవర్నరు కార్యనిర్వాహక మండలి చూసేది. అంటే రైతుకు అత్యంత ముఖ్యమైన శాఖకు ముఖ్యమంత్రి యజమాని కాడు. ఆయన ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా చెప్పాలి: 1934లో భూమి తనఖా బ్యాంకుల చట్టం, 1936లో అప్పుల రాజీ చట్టం, అదే ఏడాది ఇనాం గ్రామాల రైతులకు సాగుహక్కును విస్తరించిన ఎస్టేట్ల చట్ట సవరణ ఆ కాలంలోనివే. ఇనాం రైతుకు అందిన ఆ మేలు చిన్నది కాదు. దానికి రావలసిన పేరు బొబ్బిలి రాజా నడిపిన జస్టిస్ పార్టీకి ఎన్నడూ రాలేదు.

కానీ జమీందారీ రైతు శిస్తు తగ్గలేదు. ముఖ్యమంత్రిగా ఆయన చేతిలో లేనిది జమీందారుగా ఆయన చేతిలో ఉంది, ఆ రెండింటినీ విడదీసి చూడమని రైతును అడగడం అత్యాశే. ఆయనకు ముందు ముఖ్యమంత్రిగా ఉన్న బి.మునుస్వామి నాయుడు జమీందార్లకు కంటగింపై, వారి తిరుగుబాటుతోనే 1932లో దిగిపోయారన్న సంగతి పార్టీలో అందరికీ తెలుసు. అందువల్ల తరువాత వచ్చినది జమీందార్ల ప్రభుత్వమన్న ముద్ర మొదటి రోజే పడింది. దానికి తోడు మంత్రుల జీతం నెలకు 4,333 రూపాయల పైచిలుకు. అధికారుల జీతం 500 మించకూడదని 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానించిన దేశంలో, పుట్టి ధాన్యం సగం ధరకు అమ్ముకునే రోజుల్లో, ఆ అంకె ఊరూరా పాకింది. శాసనసభలో బడ్జెట్టు చర్చలు ఎంత జరిగినా రైతు గుర్తుపెట్టుకునే అంకెలు రెండే: తన శిస్తు, మంత్రి జీతం. హూవర్ విషయంలోనూ జరిగింది ఇదే. ఆయన అసలు ఏమీ చేయలేదన్నది నిజం కాదు. అమెరికా శ్రామికుల్లో దాదాపు నాలుగోవంతు మంది పనిలేక ఉండగా ఆయన కష్టంలో పాలు పంచుకున్నట్టు కనబడలేదు, అందుకే ఇళ్ళు పోయినవారు వేసుకున్న గుడిసెల పేటలకు ఆయన పేరే పెట్టారు. రూజ్‌వెల్ట్ కూడా మాంద్యాన్ని 1936 నాటికి పూర్తిగా తొలగించలేకపోయారు, అయినా పనులు పెట్టించారు, అప్పుల వాయిదాలు సవరించారు. జనం ఫలితం కన్నా ముందు పక్షాన్ని చూశారు.

ఈ అసంతృప్తికి ఒక రూపం ఇచ్చినది రైతు ఉద్యమం. ఎన్.జి.రంగా వంటివారు ఆంధ్ర జిల్లాల్లో జమీన్ రైతుల సంఘాలను అల్లుతూ, 1933లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి కార్యకర్తలను తయారుచేస్తూ, శిస్తు తగ్గింపును రాజకీయ నినాదంగా మార్చారు. 1934 నవంబరులో జరిగిన కేంద్ర శాసనసభ ఎన్నికల్లో జస్టిస్ పార్టీ పెద్దలు మద్రాసులోనే ఓడిపోవడం మొదటి హెచ్చరిక. ఆ హెచ్చరికను పార్టీ పట్టణ ఓటర్ల చాపల్యంగా కొట్టిపారేసింది. 1936లో పిఠాపురం రాజా విడిపోయి ప్రజాపార్టీ పెట్టడంతో జమీందార్ల ఐక్యత కూడా చెదిరింది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఓటుహక్కుకు కావలసిన ఆస్తి అర్హతను తగ్గించి, చదవడం రాయడం వచ్చినవారికి కూడా హక్కు ఇవ్వడంతో ఓటర్ల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. 1920లలో చెప్పుకోదగ్గ శిస్తు కట్టే పెద్దరైతు మాత్రమే ఓటరు. 1937లో ఓటు వేయడానికి వచ్చినవారిలో మాంద్యం దెబ్బ నేరుగా తగిలిన చిన్నరైతు ఉన్నాడు. బొబ్బిలిలో రాజా మీద కాంగ్రెసు నిలబెట్టిన అభ్యర్థి వరాహగిరి వెంకటగిరి. ఆయన బరంపురంలో 1894లో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం కట్టి, 1928లో ఆ రైల్వేలో సమ్మె నడిపినవారు. విజయనగరం మీదుగా వాల్తేరు పోయే రైలుమార్గం ఆ కంపెనీదే కనుక ఆయన పేరు ఈ ప్రాంతపు కార్మిక కుటుంబాలకు కొత్త కాదు. చదువురాని ఓటరు కోసం ఆనాడు అభ్యర్థికొక రంగు పెట్టె పెట్టేవారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. ఊళ్ళో జమీందారు ఉద్యోగులు చూస్తుండగా రాజాకు వ్యతిరేకంగా మాట్లాడడం కష్టం, పెట్టెల గదిలో ఒంటరిగా నిలబడి పసుపు పెట్టెలో కాగితం వేయడం కష్టం కాదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు, విజయనగరం సేనకు ఎదురొడ్డిన బొబ్బిలి కోట పేరు వినగానే ఒళ్ళు పులకరించే జనమే, 1937లో ఆ కోట వారసుణ్ణి ఓడించారు. రాష్ట్రం మొత్తం మీద 215 స్థానాల్లో కాంగ్రెసు 159 గెలుచుకోగా, పదిహేడేళ్ళలో ఎక్కువకాలం పాలించిన జస్టిస్ పార్టీకి ఇరవై కూడా దక్కలేదు.

జస్టిస్ పార్టీ పరాజయానికి జాతీయోద్యమ ప్రభంజనం, గాంధీ పేరు, కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి వాగ్ధాటి, పార్టీలోని ముఠాలు కూడా కారణాలే, వాటిని కాదనలేం. అయితే ఉప్పు సత్యాగ్రహం 1930లోనే జరిగింది, ఆ ఏడు జస్టిస్ పార్టీయే గెలిచింది. కాంగ్రెసు ఆ ఎన్నికల్లో నిలబడలేదన్న సమాధానం సగం నిజమే; ఓటరు మారడం, ధాన్యం ధర మారడం మిగతా సగం.

గెలిచినవారికీ అదే తూకం ఎదురైంది. 1937 జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడి, గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. మంత్రులు 500 రూపాయల జీతం తీసుకున్నారు. 1938లో వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టం వచ్చి, 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద పేరుకున్న వడ్డీని రద్దుచేసింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన ఎస్టేట్ల విచారణ సంఘం ఊరూరా సాక్ష్యాలు తీసుకుని, భూమికి యజమాని రైతేనని, శిస్తును 1802 నాటి స్థాయికి దించాలని 1938లో నివేదిక ఇచ్చింది. ఇంతకన్నా రైతు కోరుకునేది ఏముంటుంది? కానీ మంత్రివర్గంలోనే ఏకాభిప్రాయం లేక నివేదిక ముందుకు కదలలేదు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు వరకు 1937–38లో సాగిన రైతుల పాదయాత్ర నిలదీసింది జస్టిస్ పార్టీని కాదు, ఏడాది కిందట తాము గెలిపించిన ప్రభుత్వాన్నే. 1939 అక్టోబరులో మంత్రివర్గం యుద్ధం విషయంలో రాజీనామా చేసి దిగిపోయేనాటికి జమీందారీ శిస్తు తగ్గలేదు. తగ్గింపు చట్టం 1947లో, జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చాయి.

బొబ్బిలిలో గెలిచిన గిరి తరువాత రాష్ట్రపతి కావడం వల్ల, ఈ కథ అధ్యక్ష పదవి దాకా దానంతట అదే నడుస్తుంది. ఆయన గెలుపోటములన్నింటినీ ఆర్థిక కారణాలతో ముడిపెట్టడం పొరపాటు. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గంలో రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వెళ్ళడంతో ఆయన ఓడిపోయారు, దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఫలితం మారలేదు, అందులో ధరలకు పాత్ర లేదు. 1969 మాత్రం వేరు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న ఆయన జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగారు. ఎదురుగా నిలిచినవారు మరో తెలుగువారైన నీలం సంజీవరెడ్డి. బ్యాంకు అప్పు షావుకారుకే కాక రైతుకూ రిక్షావాలాకూ అందుతుందన్న ఆశ వీధుల్లో పొంగుతున్న ఆ నెలలో, ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే ఓటర్లైన ఎన్నికలో కూడా ఆ గాలి తగిలింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాక, రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చాయి.

ఆయన పదవీకాలపు చివరి ఏడు చమురు ధరలు నాలుగు రెట్లై, టోకు ధరలు పాతిక శాతం వరకు పెరిగాయి. 1974 మే 8న దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వేలమందిని జైళ్ళలో పెట్టి ఇరవై రోజుల్లో ప్రభుత్వం దాన్ని అణచివేసింది. అణచివేత ఎవరి పేరు మీద జరిగిందో ఆ రాష్ట్రపతి ఒకప్పుడు రైల్వే సంఘం కట్టిన మనిషి. అయినా జనాగ్రహం రాష్ట్రపతి భవన్ మీదికి వెళ్ళలేదు, ప్రధానమంత్రి ఇందిరా గాంధీ మీదికి వెళ్ళింది. మన రాజ్యాంగంలో శిస్తూ జీతమూ నిర్ణయించే చెయ్యి ఎవరిదో జనానికి తెలుసు. గిరి పదవీకాలం 1974 ఆగస్టు 24న ముగిసింది.